వరహాలమ్మ టీచరుగారు పెట్టిన గమనిక

పనసచెక్కను చిత్రిక పట్టిన వాసన తగిలితే ఇప్పటికీ నా నడక నెమ్మదిస్తుంది. మొన్న బొబ్బిలిలో సన్నని జల్లు పడుతుండగా ఒక వీణల దుకాణం ముందు అలాగే ఆగిపోయాను. తడిసిన వీధి, పసుపుపచ్చని పొట్టు, లోపలెక్కడో తీగ సవరిస్తున్న చప్పుడు, అన్నీ కలలోలా దూరంగా జరిగాయి. ఆ మసకలోంచి వరహాలమ్మ టీచరుగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ గుర్తొచ్చారు.

ఆవిడ నాకు బడిలో సాంఘికశాస్త్రం చెప్పారు. స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజుల్లో, ఉద్యోగ విరమణ చేశాక, ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో మా ప్రాంతపు వ్యాసాలు దిద్దేవారు. మధ్యాహ్నాలు నా డీటీపీ షాపుకు వచ్చి, కిటికీ వెలుగులో కూర్చుని, ఒక్కో అక్షరం వెతికి కొట్టేవారు. నాకూ అందులో రాయడం నేర్పారు. ప్రతి వాక్యానికీ "ఇది నీకెవులు సెప్పినార్రా?" అని అడిగేవారు.

మా తాత వీణలు చేసేవాడు. పొడవాటి మెడలాంటి దండిని ఊడదీసి సంచిలో పెట్టుకుపోగల వీణను మొదట చేసింది ఆయనేనని నేనొక చిన్న పుస్తకం రాసి, నా షాపులోనే అచ్చు వేసుకున్నాను. దాన్నే మూలంగా చూపించి మా వీణల వ్యాసంలో ఆ మాట చేర్చాను. మర్నాడు దాని పక్కన టీచరుగారి గమనిక ఉంది: "స్వీయ ప్రచురణ. నమ్మదగిన మూలం కావాలి."

"మా తాత సంగతి నాకంటే ఎవులికి తెలుస్తాది టీచరుగారూ?" అన్నాను.

"నువ్వే రాసి, నువ్వే అచ్చేసి, నువ్వే సాచ్చికం సెప్తే ఎలాగరా అప్పలరాజూ? ఇంకొకలు రాసినారేమో సూడు."

కొన్ని నెలలకు ఒక స్థానిక పత్రికలో వీణల మీద కథనం వచ్చింది. అందులో నా వాక్యం ఉన్నదున్నట్టు ఉంది. విలేఖరి దాన్ని మా వ్యాసంలోంచే ఎత్తుకున్నాడని నాకు తెలుసు. అయినా ఆ కథనాన్నే మూలంగా పెట్టి, టీచరుగారి గమనిక తీసేశాను.

ఆవిడ ఆ కథనాన్నీ, మా వ్యాసాన్నీ తెర మీద పక్కపక్కన పెట్టి చూశారు.

"పేపరోడికెవులు సెప్పినార్రా?"

నేను ప్రింటరులో కాగితాలు సర్దసాగాను.

"మీ తాత కొట్టంలో సోమయ్య కూడా పంజేసేవోడు కదా. ఆడినడిగినావా?"

అడగలేదు. అడగనక్కరలేదు. ఆ వీణ ఊహా, మొదటి వీణా సోమయ్యవేనని తాతే నాకు చెప్పాడు. తెలిసే రాశాను.

"మళ్ళీ నేనెట్టను. తీసినోడివి నువ్వే ఎట్టు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆ గమనిక తిరిగి పెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అప్పటికి టీచరుగారు లేరు. వ్యాసం వెనక రాసేవాళ్ళు మాట్లాడుకునే చర్చాపేజీలో, పుస్తకం నాదేననీ, పత్రిక ఆ మాటను మా వ్యాసంలోంచే తీసుకుందనీ ఒప్పుకున్నాను. ఎవరో ఆ వాక్యాన్ని తొలగించారు. సోమయ్య పేరు రాద్దామంటే అది అచ్చులో ఎక్కడా లేదు. నా జ్ఞాపకం మూలం కాదు.

సోమయ్య ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ముసలాయన ఉలి పక్కన పెట్టి విన్నాడు.

"అయితే మీ తాత పేరూ నేదు, నా పేరూ నేదు. ఇప్పుడా వీణ ఎవులూ సెయ్యనేదేటిరా?"

నవ్వుతూనే అడిగాడు. నేను నవ్వలేకపోయాను. టీచరుగారు ఉండగా తలవంచి ఉంటే, సోమయ్య మాటను నమ్మదగిన అచ్చులోకి ఎక్కించే దారి ఆవిడకు తెలిసి ఉండేది.

ఇప్పుడు నా షాపుకు పుస్తకం అచ్చుకు తెచ్చినవారిని, ఇది మీకెవరు చెప్పారని అడుగుతాను. కొందరు నొచ్చుకుని పక్క షాపుకు పోతారు. సోమయ్య కూడా చనిపోయాడు. ఆ వ్యాసంలో ఆయన వీణ ఈనాటికీ లేదు.