జయరామయ్య గారి వరసలు

ముందు కిర్రుచెప్పులు వినపడేవి. సముద్రం మీంచి వచ్చిన గాలి సర్విచెట్ల తోపును దువ్వి దువ్వి అలిసి, మా వీధి మొగదల కాస్త నిలబడే వేళకి ఆ చెప్పులు కిర్రుమనేవి. తర్వాత గొంతు. "అల్లుడూ, ఉండావా?" అన్నిటికన్నా ఆఖరున జయరామయ్య గారు.

ఆయనకు ఒకటే జబ్బు. వరస తేలని మనిషితో మాట్లాడలేరు. దాహమని వచ్చినవాడైనా సరే, చెంబు చేతికందే లోపల వాళ్ళమ్మ పుట్టిల్లు ఏ ఊరో చెప్పాలి.

నేను బోగోలు బడికి మాస్టరుగా వచ్చి, అద్దెగది కోసం ఆయన గుమ్మం ముందు నిలబడ్డాను. గది చూపించలేదు. అరుగు మీద కూర్చోబెట్టారు.

"అమ్మగారిది ఏవూరు?"

"తెనాలి పక్కనండీ."

"మేనత్తలు?"

"ఒక్కరే. ఒంగోల్లో ఇచ్చారు."

"ఒంగోలా! ఆమె తోడికోడలు?"

"కావలి ఆమె అనుకుంటానండీ."

"కావలిలో యాడ?"

అలా మా మేనత్త తోడికోడలి అన్నగారి వియ్యంకుడి దాకా నడిపించి, అక్కడ "పట్టినా! నువ్వు నాకు అల్లుడివి" అని తొడ చరిచి తాళంచెవి ఇచ్చారు. అద్దె మాట ఇద్దరికీ మర్నాడు గుర్తొచ్చింది.

పశువుల డాక్టరుకు వియ్యంకుడి వరస తేలింది. వియ్యంకుడు ఇంటికొస్తే కాళ్ళకు నీళ్ళిచ్చి భోజనం పెట్టకుండా పని చెప్పకూడదు. కొట్టంలో గేదె ఈనలేక అరుస్తుంటే, డాక్టరుగారు పీట మీద కూర్చుని మారు పప్పు వద్దని విస్తరికి చేతులడ్డం పెడుతున్నారు. ఆయన మజ్జిగలోకి వచ్చేసరికి గేదె తన పని తనే చక్కబెట్టుకుంది. "అంతా మా వియ్యంకుడి హస్తవాసి!" అని జయరామయ్య గారు ఊరంతా చెప్పుకున్నారు.

ఒకసారి కట్టిన వరసను ఆయన విప్పరు. ఎద్దుల సంతలో ఏదో సంతోషంలో చెంచురామయ్యను తమ్ముడన్నారు. తర్వాత ఆ చెంచురామయ్య కొడుకు తమ చిన్నమ్మాయికి చక్కగా సరిపోతాడని ఊరంతా అంటే, "అన్నాచెల్లెళ్ళకు పెళ్ళేందబ్బా!" అని చెవులు మూసుకున్నారు. ఆయన భార్య వెంకటశేషమ్మ గారు ఆ వారమంతా చారులో ఉప్పు వేయలేదు. ఆయన ఉప్పు లేని చారు తాగారు గాని, వరస మార్చలేదు.

అరవై అయిదు ఎండాకాలంలో ముత్యాలయ్య రంగూన్ నుంచి వచ్చాడు. తాత ఈ పక్క జువ్వలదిన్నె వాడే. ముత్యాలయ్య మాత్రం పుట్టిందీ పెరిగిందీ బర్మాలో. అక్కడ దుకాణాలు సర్కారు తీసేసుకుంటే భార్యతో ఓడెక్కాడు. ఆమె బర్మా పిల్ల, పేరు ఖిన్ మే. జడచుట్టలో ఒక్క పువ్వు పెట్టుకుని, ఎవరు చూసినా నవ్వేది. ఆ నవ్వుకి ఏ దేశపు ముద్రా అక్కర్లేదు. మనిషికి మాత్రం కావాలి. ముత్యాలయ్య మనవాడేనని కాగితాలున్నాయి. ఆమె విదేశీయురాలు. ఎక్కడ ఉంటుందో చిరునామా, ఆ ఇంటివాళ్ళ పూచీ పోలీసుల దగ్గర నమోదైతేనే ఉండనిస్తారు. లేకపోతే తిరుగు ఓడ. ఏం తింటుందో తెలియని మనిషికి ఊళ్ళో ఎవరూ గది ఇవ్వలేదు.

జయరామయ్య గారు ముత్యాలయ్యను అరుగు మీద కూర్చోబెట్టారు. వాళ్ళ తాత పేరు దగ్గరే పని అయిపోయింది.

"నువ్వు నాకు తమ్ముడివబ్బయా. నీ పెళ్ళాం మరదలు. అయిపాయ, సామాన్లు దించు."

నా పక్క గది వాళ్ళదైంది. పోలీసుల కాగితంలో కూడా తమ్ముడు, మరదలు అనే రాయించారు. చిక్కు కూడా అప్పుడే మొదలైంది. తమ్ముడి భార్య బావగారి ఎదుటపడి మాట్లాడకూడదు. ఆ సంగతి ఖిన్ మేకి తెలియదు. కాబట్టి ఆ మర్యాద మొత్తం జయరామయ్య గారే పాటించాల్సి వచ్చింది. ఆమె నవ్వుతూ ఎదురొస్తే ఈయన గోడవైపు తిరిగేవారు. సొంత పెరట్లోకి పోవాలన్నా దగ్గి, ఆగి, మళ్ళీ దగ్గేవారు. ఏదైనా అడగాలంటే గేదెను అడిగేవారు.

"ఏమే, మరదలు అన్నం తినిందా అని అడిగినానని చెప్పు."

గేదె నెమరు వేసేది.

"ఆయనకు నా మీద కోపమా?" అని ఖిన్ మే మొగుణ్ణి అడిగిందట.

"కాదు, గౌరవం."

"మరి ఆ గేదె ఆయనకు ఏమవుతుంది?"

కొన్నాళ్ళకు ముత్యాలయ్యకు చిల్లకూరు బియ్యం మిల్లులో పని దొరికింది. పడక కూడా మిల్లు షెడ్డులోనే. ఖిన్ మేకి నెలలు నిండుతున్నాయి, ఇక్కడే ఉంది. అప్పుడు విచారణకని సబిన్‌స్పెక్టరు దావీదు జీపులో దిగాడు.

"అమ్మగారిది ఏవూరు నాయనా?" అన్నారు జయరామయ్య గారు.

"నాకు వరసలొద్దు పెద్దాయనా, డ్యూటీ మీద వచ్చినా. మొగుడు చిల్లకూరులో ఉంటే ఈమె ఈడెందుకుండాది? అక్కడికి చిరునామా మార్చుకోని పోవాల. లేదంటే అనుమతి పొడిగించేదానికి లేదు."

"షెడ్డులో పురుడు పోసుకుంటదా?" అన్నారు లోపల్నుంచి వెంకటశేషమ్మ గారు.

"ఈడుండాలంటే కారణం గావాల తల్లీ."

"తొలికాన్పు పుట్టింట్లో జరగాల. అది కారణం గాదా?" అన్నారు జయరామయ్య గారు.

"పుట్టిల్లు రంగూన్ గదా. ఆడికే పంపించమంటారా?"

ఖిన్ మే తలుపు పక్కన నిలబడి ఉంది. తక్కిన మాటలు అర్థమయ్యాయో లేదో గాని, రంగూన్ అన్న మాట అర్థమైంది. ఆ ముఖంలో నవ్వు లేకపోవడం నేను చూడడం అదే మొదలు.

జయరామయ్య గారు కండువా తీసి, దులిపి, మళ్ళీ భుజాన వేసుకున్నారు.

"పుట్టిల్లు ఇదే. ఆమె నా కూతురు. రాసుకో."

"మరదలని గదా రాయించినారు?"

"కొట్టెయ్."

"మరి ముత్యాలయ్య? తమ్ముడని ఉండాదే!"

"అల్లుడు."

"తమ్ముడికి కూతుర్నిచ్చినారా పెద్దాయనా?"

అరుగు కింద చేరిన వీధంతా నోరు తెరిచింది. చెంచురామయ్య తోసుకుంటూ ముందుకొచ్చాడు. "కట్టిన వరస విప్పకూడదంటివే అన్నా! మరి మావాడి సంబంధం?"

"నీ సంగతి మళ్ళీ జూస్తా, ఉండు. తొందరపడి వరస కట్టింది నేను. తప్పు నాది, ఆ బిడ్డది గాదు. పూచీ రాసుకోబ్బయా. తండ్రి పూచీ."

దావీదు కలం మూత తిప్పుతూ కూర్చున్నాడు. చట్టంలో ఇంటి యజమాని పూచీ ఉంది గాని తండ్రి వరస పూచీ లేదు. చివరికి "ప్రసవం వరకు చిరునామా ఇదే, సంరక్షణ ఇంటి యజమానిది" అని నాచేత ఇంగ్లీషులో రాయించి, ఆయనచేత సంతకం పెట్టించాడు. జీపెక్కబోతూ ఒక్క క్షణం ఆగాడు.

"మా అమ్మది అల్లూరు," అని చెప్పి వెళ్ళిపోయాడు.

జయరామయ్య గారు తలుపు వైపు తిరిగారు.

"అమ్మా, అన్నం తిన్నావా?"

గేదె తలెత్తి చూసింది. ఖిన్ మే "తిన్నా" అంది. వెంకటశేషమ్మ గారు వెనక నుంచి మాట అందిస్తే, "నాయనా" అని చేర్చింది.

ఆడపిల్ల పుట్టింది. పాపకు పళ్ళొచ్చినా వాళ్ళ చిరునామా మారలేదు. దావీదు గడువు పొడిగిస్తూనే పోయాడు. అప్పటికే అతనికి మేనల్లుడి వరస తేలింది మరి.

మరుసటేడు నాకు మనుబోలు బదిలీ అయింది. జయరామయ్య గారు బస్సు దాకా వచ్చి కిటికీ ఊచ పట్టుకున్నారు.

"మనుబోలుకు చిల్లకూరు దగ్గరే గదా. మా ముత్యాలయ్యను కాస్త కనిపెట్టుకోనుండు."

"ఏమైంది మామగారూ?"

"ఏమీ కాలా, అదే నా బాధ. వస్తాడు, పెట్టింది తింటాడు, చెయ్యి కడుక్కోని గేదెకు గడ్డేస్తాడు. అల్లుడంటే అట్టనా ఉండేది? ఇది గావాల అని నోరు తెరిచి అడగడు. ఒక్కనాడన్నా అలగడు. రంగూన్లో పెరిగినోడికి అల్లుడి పని తెలియలా."

బస్సు కదిలింది. ఆయన ఊచ వదలకుండా పక్కనే నడిచారు.

"ఎట్టా అలగాలో వాడికి నేర్పించి పంపు అల్లుడూ! సైకిలు కొని పెట్టుకోని కూర్చోనుండా!"