బాలశౌరి రంపం కూత

బాలశౌరి చెట్లు కొట్టేవాడు. బెజవాడ నుంచి గుడివాడ దాకా కాలవగట్ల మీద తుమ్మ కొట్టాలన్నా, చింత కొట్టాలన్నా అతనికే కబురు వెళ్ళేది. చెట్టు చుట్టూ తిరిగి, తల పైకెత్తి కొమ్మల బరువు చూసి, ఎటు పడుతుందో చెప్పేవాడు. చాలాసార్లు అటే పడేది. పడనప్పుడు గాలిని తిట్టేవాడు. రంపం రెండో కొస పట్టుకునేది అతని భార్య అమలమ్మ తమ్ముడు లాజరు.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు మిలిటరీ వాళ్ళు వదిలేసిన సామాను బెజవాడలో వేలం వేశారు. బూట్లు, గుడారాలు, జీపు టైర్లతో పాటు యంత్రంతో తిరిగే గొలుసు రంపాలు కూడా ఉన్నాయని వినగానే బాలశౌరి అన్నం ముందు నుంచి లేచాడు. అమలమ్మ కూడా చెయ్యి కడుక్కుంది.

"నువ్వెందుకే?"

"మీ ఇద్దర్నీ వదిలితే టాంకు కొనుక్కొస్తారు. నేనూ వస్తా."

మూడు రంపాలను చాప మీద పడుకోబెట్టారు. ఒకదాని బద్ద మనిషంత పొడుగుంది. ఒకటి తళతళ మెరుస్తోంది కాని కరెంటు తీగ ఉంటే తప్ప తిరగదట. మూడోది మధ్యరకం, ఒంటినిండా మసి. లాజరు మనిషంత రంపం దగ్గరే నిలబడిపోయాడు.

"బావా, దీన్ని చూస్తేనే చెట్టు పడిపోద్ది."

"ముందు ఎత్తి చూద్దాం పట్టు."

ఇద్దరూ ఎత్తి నాలుగడుగులు నడిచారు. లాజరు మెడ నరాలు పొంగాయి. "తేలిగ్గానే ఉంది" అన్నాడు ఊపిరాడక.

అమలమ్మ చెంగు దోపుకుంది. "వానాకాలం గట్టు మీద దీన్ని ఎవరు మోస్తారు? మెరిసేదాన్ని కొంటే బెజవాడ నుంచి తీగ లాక్కెళ్ళాలి. ఆ మసిదాన్ని తీసుకోండి. మసి కడిగితే పోద్ది."

మసి పోయింది కాని అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఆ గొలుసు పళ్ళు చలిదేశాల మెత్తటి కర్ర కోసం చేసినవి. చింతచేవ తగిలితే కోయడం మాని నునుపు చేసేవి. బాలశౌరి అరుగు మీద కూర్చుని ఒక్కొక్క పన్నునూ ఆకురాయితో కురచగా అరగదీసి వాలు మార్చాడు. గొలుసు మీద చుక్కచుక్కగా పడేలా ఆముదం సీసా ఒకటి కట్టాడు. దాంతో అతను చెట్టు కొట్టిన చోటల్లా తలంటు వాసన వచ్చేది.

మిగిలింది మోత. పొగగొట్టం చివర ఉండాల్సిన డబ్బా యుద్ధంలోనే ఎక్కడో పోయింది. యంత్రం తిరిగిన రోజున వీధిలో గేదెలు పాలు చేపడం మానేశాయి. ఇరుగుపొరుగు ఖాళీ చెంబులతో వచ్చి అమలమ్మ గుమ్మం ముందు నిలబడ్డారు. బాలశౌరి గవర్నర్‌పేటలో రేకుల పనివాడి చేత చిల్లుల డబ్బా చేయించి బిగించాడు. మోత తగ్గింది కాని దాని బదులు కూత వచ్చింది, సన్నగా మొదలై లావుగా సాగే కూత.

"ఎక్కడో విన్నట్టుంది బావా" అన్నాడు లాజరు. ఎక్కడో ఇద్దరికీ తట్టలేదు.

ఆ వారమే గుడివాడ దారిలో రైలు గేటుకి అవతల, మలుపులో ఉన్న నిద్రగన్నేరు కొట్టే పని తగిలింది. చెట్టు పట్టాల వైపు కాస్త వాలి ఉంది, దాన్ని పొలం వైపు పడెయ్యాలి. బాలశౌరి దాని తలకి మోకు కట్టి, రెండో కొస పొలంలోని తాటిచెట్టుకి బిగించి యంత్రం తిప్పాడు.

గేటు కాసే బసవపున్నయ్యకి అక్కణ్ణుంచి చెట్టు కనపడదు. కూత వినపడింది. వేళ కాని వేళ గూడ్సు కాబోలనుకుని గేటు వేశాడు. బండి రాలేదు. తీశాడు. మళ్ళీ కూత వినపడితే మళ్ళీ వేశాడు. పొద్దెక్కేసరికి రెండు వైపులా గడ్డిబండ్లు, బొగ్గుతో నడిచే బస్సొకటి, బాజాలతో సహా మగపెళ్ళివారు ఆగిపోయారు.

"ముహూర్తం దాటిపోద్దయ్యా!" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

"కూత వినపడితే గేటెయ్యాలండీ. అది నా ఉద్యోగం."

"మరి బండేదీ?"

"వస్తోంది. వినపడటంలా?"

చివరికి పెళ్ళివారే కూత వైపు నడిచారు. బసవపున్నయ్య జెండాలు చంకన పెట్టుకుని వెనకాలే వెళ్ళాడు. వాళ్ళు చేరేసరికి గాలి తిరిగి చెట్టు వెనక్కి కూర్చుంది. రంపం బద్ద మానులో ఇరుక్కుని యంత్రం ఆగిపోయింది.

"రైలేదీ?" అన్నాడు బసవపున్నయ్య.

"రైలు కాదండీ, రంపం" అన్నాడు లాజరు వినయంగా.

బసవపున్నయ్య జెండాలు మళ్ళీ చంకన దోపుకున్నాడు. పెళ్ళివారు వెంట రాగా విసవిసా వెనక్కి వెళ్ళి గేటు బార్లా తీసి, "ఇంక ఈ పూట ఎవడు కూసినా వెయ్యను!" అని ప్రకటించాడు. ముందుగా బస్సు కదిలింది. సరిగ్గా పట్టాల మీదికొచ్చి, బొగ్గు చాలక ఆగిపోయింది.

అప్పుడు దూరంగా ఒక కూత వినపడింది.

"కుయ్యి నాయనా, కుయ్యి" అన్నాడు బసవపున్నయ్య చేతులు కట్టుకుని.

ఆ కూత చెవిన పడగానే బాలశౌరి మానులో ఇరుక్కున్న తన రంపం వైపు చూశాడు. పంచె ఎగ్గట్టి గేటు వైపు పరుగెత్తాడు. "బసవపున్నయ్య గారూ! అది నాది కాదండీ! నా రంపం ఇరుక్కుపోయింది! అది నిజం బండండీ!"

"నిజంగా?"

"మా ఆవిడ మీద ఒట్టండీ!"

బసవపున్నయ్య ఎర్రజెండా ఊపుతూ బండికి ఎదురు పరుగెత్తాడు. పెళ్ళివారు పట్టుపంచెలతోనే బస్సు నెట్టారు. ఆఖరి చక్రం పట్టా దాటడం, పెళ్ళివారే గేటు వెయ్యడం, బందరు బండి నెమ్మదిగా ముక్కుతూ రావడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. బండిలో వాళ్ళు చెయ్యి ఊపితే, మసి మొహాలతో పెళ్ళివారూ ఊపారు.

ఇంక రంపం విడిపించాలి. ఇద్దరితో అయ్యే పని కాదు. పెళ్ళికొడుకు తండ్రి ఒక్క క్షణం ఆలోచించి కండువా తలకి చుట్టాడు. "ఎటూ ఆలస్యమైంది, పట్టండ్రా!" మగపెళ్ళివారంతా మోకు అందుకున్నారు. బాజాల వాళ్ళు ఊరుకోలేక వాయించారు. నిద్రగన్నేరు కిర్రుమని, బాలశౌరి చెప్పిన చోటికి బారెడు అవతల, పొలంలోనే పడింది. పెళ్ళి ఆ సాయంత్రం వేరే ముహూర్తానికి జరిగింది. బాలశౌరీ లాజరూ ఆడపెళ్ళివారి పంక్తిలో కూర్చుని భోంచేశారు.

మర్నాడు అమలమ్మ ఆ డబ్బా ఊడబీకించి, నేల వైపు వంచిన లావుపాటి గొట్టం పెట్టించింది. పొరుగింటి గేదెని పక్కన కట్టేసి పాలు పితికిస్తూ యంత్రం తిప్పించింది. గేదె చెవులాడించింది కాని పాలు ఆపలేదు. అప్పుడే రంపాన్ని గడప దాటనిచ్చింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బాలశౌరి ఆ రంపంతోనే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వైపు ఎన్నో చెట్లు కొట్టాడు. జనం మాత్రం అతన్ని రైలు శౌరి అనే పిలిచారు. రంపాన్ని బండిలో వేసుకుని అతను గేటు దాటిన ప్రతిసారీ బసవపున్నయ్య గేటు పక్క గుమటీ గదిలోంచి లేచి వచ్చి, మొహంలో నవ్వు కనపడనీయకుండా పచ్చజెండా ఊపేవాడు.