తలుపును చేత్తో చూసిన మనిషి

గురువారం. పొద్దుటి నుంచి ముసురు. ర్యాంపు మీద నిలిచిన నీళ్లు చీపురుతో తోసేశాను. మొన్న ఇదే పనిలో ఉండగా సరూర్‌నగర్ నుంచి పెద్దసారు కోడలు ఫోన్ చేసింది. "అన్నా, మామ లేడు. నిద్రల్నే పోయిండు. జర తొందరగా రా."

ఎల్‌బీ నగర్ దాటాక విజయవాడ రోడ్డు పక్కనున్న మా గోదాముకు ఆయన బాధ్యుడు. నాకు పని నేర్పింది ఆయనే. విదేశాల నుంచి వచ్చి ఇంకా సుంకం కట్టని సరుకు మా దగ్గర ఉంటుంది. సుంకం కట్టి కస్టమ్స్ అనుమతి తెచ్చేదాకా యజమాని కూడా దాన్ని ముట్టుకోలేడు. రేవు నుంచి సీలు వేసిన లారీలో వస్తుంది. అందిందని మేం సంతకం పెట్టాక ఒక్క పెట్టె తగ్గినా జవాబు మేమే చెప్పాలి.

అందుకే ఆయన ఏ లారీనీ ఊరికే లోపలికి రానిచ్చేవారు కాదు. బుగ్గన లవంగం పెట్టుకుని, సీలు నంబరు కాగితంతో పోల్చి, ఆపైన కళ్లు మూసుకుని తలుపంతా తడిమేవారు.

"ఏంది తాతా, బర్రెను కొంటున్నవా?" అనేవాళ్లు డ్రైవర్లు.

"బర్రెనైతే పళ్లు చూస్తుంటి. దీనికి నోరు కట్టేసిండ్రు గద."

నాతో మాత్రం "నంబరు కన్ను చూస్తది, తలుపు చెయ్యి చూడాలె" అనేవారు.

పోయిన నెల ఒక లారీ దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. సీలు బాగానే ఉంది. కానీ గొళ్లేన్ని తలుపుకు పట్టి ఉంచే రివెట్ల మీది రంగు వేలికి అంటింది. సీలు తెంపకుండా రివెట్లు ఊడదీసి, తలుపు తెరిచి, మళ్లీ బిగించి రంగు పూశారన్నమాట. ఆయన సంతకం పెట్టకుండా కస్టమ్స్ అధికారికి కబురు చేశారు. అధికారి కంటే ముందు, సరుకు దిగుమతి చేసుకున్నవాళ్ల ఏజెంటు వచ్చాడు.

"నంబరు కలిసింది కదండీ. మీకెందుకండీ ఈ తలనొప్పి?"

"నంబరు కలిసింది తమ్మీ. తలుపు కలుస్తలేదు."

"పెద్దవారు. ఇంకెన్నాళ్లుంటారు చెప్పండి?" మర్యాదగానే అన్నాడు.

"నేను పోతే గీ కుర్సీల ఇంకొకడు కూసుంటడు. గాయనకూ చేతులుంటయి."

ఆయన నా వైపు చూడలేదు. చూడకపోవడమే నాకు బరువైంది.

అధికారి తెరిపిస్తే చాలా పెట్టెల్లో ఇటుక ముక్కలున్నాయి. అసలు సరుకు సుంకం కట్టకుండా దారిలోనే దిగిపోయింది. వచ్చే వారం పెద్దసారు ఆ కేసులో వాంగ్మూలం ఇవ్వాల్సి ఉండింది. ఈమధ్య ఎవరో మెట్రో మెట్ల దాకా తన వెనకే వస్తున్నారని ఒకసారి చెప్పారు. "నా నీడే అనుకుంట. నాకంటె జర పొడుగుంది," అని నవ్వేశారు. డాక్టరు గుండె ఆగిందన్నాడు. నేనేమీ అడగలేదు.

నిన్న సమాధి దగ్గర పాస్టరు గారు ప్రార్థన చేస్తుండగా ఆ ఏజెంటు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు మా లారీ ఇంకోటి వస్తుందండీ. ఇకమీద సంతకం మీదే కదా."

ఆ లారీ ఇప్పుడు గేటు బయట ఉంది. నంబరు కలిసింది. రివెట్లు కొత్తవి. ఈసారి రంగు పూసే శ్రమ కూడా పడలేదు. నేను చూసినా ఊరుకుంటాననుకున్నారు. సంతకం పెట్టనని చెప్పి గేటు మూశాను. అధికారికి ఫోన్ చేస్తే బయల్దేరామన్నారు. వాళ్లు వచ్చేలోగా పెద్దసారు గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

రాస్తూనే కిటికీలోంచి చూస్తున్నాను. లారీ వెనక ఏజెంటు కారు. అద్దాలు మూసి ఉన్నాయి, వైపర్లు ఆడుతున్నాయి. ఇప్పుడే ఆగాయి. కారు తలుపు తెరుచుకుంది. ఏజెంటు గొడుగు లేకుండానే దిగి, గేటు వైపు—