చచ్చినవాళ్ళ షెడ్డు

ఆట మొదలయ్యే ముందు తాకియో ఎప్పుడూ ఒక పని చేస్తాడు. జేబులోంచి ఎర్ర గుడ్డ తీసి, పాత మడతల మీదే మళ్ళీ మడిచి, జేబు అడుక్కి తోసి, బొత్తాం పెడతాడు. ఆ రాత్రి దాన్ని తీసే అవసరం రాదని అతనికి తెలుసు.

ఆ గుడ్డ అందరి దగ్గరా ఉంటుంది. ఆటతుపాకి గుండు తగిలినవాడు "తగిలింది" అని అరిచి, దాన్ని నెత్తిన వేసుకుని, చేతిలో చిన్న దీపం వెలిగించుకుని చచ్చినవాళ్ళ షెడ్డుకి నడిచి వెళ్ళాలి. గుండ్లు ప్లాస్టిక్‌వి, బఠాణీ గింజంత ఉంటాయి. చురుక్కుమంటాయి, ఒక ఎర్రమచ్చ మిగులుస్తాయి, అంతే. చీకట్లో ఎవరి గుండు ఎవరికి తగిలిందో చూసేవాడు లేడు. తగిలినవాడి మాటే సాక్ష్యం. ఆట నడిపే పోల్డో, వారమంతా మూడుచక్రాల బండి తోలే పెద్దాయన, ప్రతి శనివారం గేటు దగ్గర అదే చెప్తాడు. గురి కుదరనివాడు రావచ్చు, బొంకేవాడు మాత్రం రాకూడదు అని.

ఆట జరిగేది తలిసాయ్ ఊరి అవతల, చెరకు తోటల మధ్య మూతపడ్డ చక్కెర మిల్లులో. దాని చుట్టూ నిలువెత్తు రెల్లు. తాకియో చోటు ఆ రెల్లు. గోనె పీచు, ఎండుగడ్డి కలిపి కుట్టుకున్న చొక్కా వేసుకుని బోర్లా పడుకుంటాడు. అతని పొడవాటి తుపాకి ఒక్కసారికి ఒక్క గుండే పేలుస్తుంది. మిగతావాళ్ళలో కొందరి గుండ్లు వెలుగుతూ ఆకుపచ్చ గీతల్లా పోతాయి. అతనివి కనపడవు. మిల్లు గోడ దగ్గర ఎవరో ఉలిక్కిపడి "తగిలింది" అంటారు. ఒక దీపం షెడ్డు వైపు నడుస్తుంది. అతను మళ్ళీ కదలకుండా పడుకుంటాడు.

ఇదివరకు పక్కన నోనింగ్ ఉండేవాడు. దుర్భిణి కళ్ళకి పెట్టుకుని, గాలి ఎటు మళ్ళిందో చెవిలో చెప్పేవాడు. మధ్యమధ్య తన అత్తగారి మీద జోకులు కూడా చెప్పేవాడు. ఉద్యోగం వచ్చి అతను నీళ్ళవతల ఇలోయిలో అనే ఊరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ పక్క ఎవరూ పడుకోలేదు.

వారంలో మిగతా రోజులు తాకియో ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. కొట్టు కింద, గది పైన. వచ్చేవాళ్ళు ఫ్రిజ్ గురించి మాట్లాడి వెళ్ళిపోతారు. పెళ్ళి మాట ఎత్తే మేనత్తలు ఒక్కొక్కరే పోయారు.

అతనికి గుండు తగిలి ఏళ్ళయింది. కొత్తగా చేరినవాళ్ళకి అతన్ని చూపించరు, రెల్లుని చూపిస్తారు. అందులో ఎక్కడో ఉంటాడు అంటారు.

చచ్చినవాళ్ళ షెడ్డు ఒకప్పుడు చక్కెర బస్తాలు పెట్టిన చోటు. అక్కడ ఒక బల్బు, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, పోల్డో భార్య కాచిన కోడి జావ. ఆట ముగిసేదాకా చచ్చినవాళ్ళు అక్కడే కూర్చోవాలి. రాత్రి ముదిరేకొద్దీ అక్కడ జనం పెరుగుతారు, రెల్లులో తగ్గుతారు. జావలోని అల్లం వాసన గాలిలో రెల్లుదాకా వస్తుంది. చెంచాల చప్పుడు వస్తుంది. బిదోయ్ అనే చేపల వ్యాపారి ఏదో అంటాడు, అందరూ ఒక్కసారి నవ్వుతారు. ఏమన్నాడో తాకియోకి వినపడదు. నవ్వు మాత్రమే వినపడుతుంది.

ఆట ముగిసి అతను వెళ్ళేసరికి జావ అడుగంటి ఉంటుంది. తెల్లవారితే ఆదివారం, చర్చికి పోవాలి కనుక అందరూ మోటారుసైకిళ్ళు ఎక్కుతుంటారు. బాగా ఆడావన్నా అని భుజం తట్టి పోతారు.

ఆ షెడ్డులో కూర్చోవాలని అతనికి ఉండేది. బతికున్నవాడు అక్కడికి పోకూడదు. చావాలి. చావాలంటే ఎవరో ఒకరు వెతుక్కుంటూ వచ్చి అతన్ని పట్టుకోవాలి.

ఆ శనివారం సాయంత్రం వాన కురిసి వెలిసింది. రెల్లు అడుగున నేల మెత్తగా ఉంది. చాలామంది త్వరగా చచ్చారు. షెడ్డులో నవ్వు ఎన్నడూ లేనంతగా ఉంది.

అప్పుడు మెర్లిండా వచ్చింది. ఊళ్ళో మందుల షాపులో పనిచేస్తుంది. చేరినప్పటినుంచీ ఒక్కరిని కూడా కొట్టలేదు. రెల్లు అంచున నిలబడి, ఎటు తోస్తే అటు తుపాకి తిప్పుతూ పేలుస్తోంది. ఆమెది బ్యాటరీ తుపాకి, వదలకుండా మోగుతోంది. తాకియో ఆమెని గురిలో పెట్టాడు. చంద్రుడు మబ్బు చాటున ఉన్నా ఆమె తల ఆకారం తెలుస్తోంది. వేలు బిగిస్తే చాలు.

షెడ్డులో మళ్ళీ నవ్వారు.

తాకియో వేలు తీసేశాడు. "తగిలింది" అన్నాడు. ఆమెకి వినపడలేదు. లేచి నిలబడి, చెయ్యెత్తి, మళ్ళీ గట్టిగా అన్నాడు.

తుపాకి మోత ఆగింది. మెర్లిండా రెల్లులోకి తొంగిచూసింది. "ఎవరు?" అంది.

"నేనే. తాకియోని."

జేబు బొత్తాం తీయడానికి చాలాసేపు పట్టింది. గుడ్డ మడతల దగ్గర రంగు వెలిసి గీతలు పడి ఉంది. దాన్ని నెత్తిన వేసుకుని నడిచాడు.

షెడ్డులోకి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. ఎవరో లేచి కుర్చీ ఇచ్చారు. పోల్డో భార్య గిన్నె నిండా జావ పోసి, కోడిగుడ్డు వేసి, నిమ్మకాయ పిండి ఇచ్చింది. గిన్నె వేడిగా ఉంది.

"ఇన్నాళ్ళకి ఇటు దారి తెలిసిందా అన్నా?" అన్నాడు బిదోయ్. కొందరు నవ్వారు. "ఎవరి పుణ్యం?"

మెర్లిండా అని చెప్పాడు.

షెడ్డంతా గొల్లున నవ్వింది. కాసేపటికి ఆమెని కూడా ఎవరో కొట్టారు, ఆమె కూడా ఎర్ర గుడ్డతో వచ్చింది. అందరూ ఆమె పేరు పిలుస్తూ లేచారు. ఎలా కనిపెట్టావు, ఎంత దూరం నుంచి కొట్టావు అని అడిగారు. రెల్లు కదిలినట్టనిపించింది అంది ఆమె. మళ్ళీ చెప్పించారు. రెండోసారికి రెల్లు ఇంకొంచెం ఎక్కువ కదిలింది.

బిదోయ్ టార్చి తీశాడు. "నేను నమ్మను. ఎక్కడ తగిలింది, చూపించు."

తాకియో ఆలోచించకుండా మెడ అన్నాడు. భుజం అనాల్సింది. భుజం మీద గోనె చొక్కా ఉంది, మచ్చ పడకపోయినా ఎవరూ అడగరు. మెడ ఖాళీగా ఉంది. బిదోయ్ వెలుతురు వేసి వంగాడు. "ఏదీ? ఏమీ లేదే?"

మెర్లిండా అతన్ని పక్కకి నెట్టి ముందుకొచ్చింది. బొటనవేలు తాకియో మెడ మీద పెట్టింది. వేలు చల్లగా ఉంది.

"ఇదిగో," అంది. "కనపడట్లేదా? చేపల పొలుసులు చూసి చూసి నీ కళ్ళు పోయాయి."

అందరూ నవ్వారు. తాకియో కూడా నవ్వాడు. ఆ తర్వాత కుర్చీలు ఆమె చుట్టూ చేరాయి. నవ్వు ఇప్పుడు పక్కనే ఉంది, మాటలు కూడా వినపడుతున్నాయి. పోయిన శనివారం జరిగినదాని గురించి, అంతకుముందు శనివారం గురించి, తను లేని ఎన్నో శనివారాల గురించి. అతను జావ తాగాడు. గిన్నె చల్లబడ్డాక కూడా పట్టుకునే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున చర్చి గంట ఆగాక తాకియో మందుల షాపుకి వెళ్ళాడు. మెర్లిండా ఒక్కతే ఉంది, అద్దాల బీరువా తుడుస్తోంది.

"నువ్వు కొట్టలేదు," అన్నాడు తాకియో. "నాకేమీ తగల్లేదు."

ఆమె తుడవడం ఆపలేదు.

"తెలుసు," అంది. "రెల్లు దగ్గరికి వచ్చేసరికే గుండ్లు అయిపోయాయి అన్నా. ఊరికే మోగిస్తున్నా. భయమేసి."

"మరి చెప్పలేదేం?"

"అందరూ నా పేరు పిలిచారు కదా." గుడ్డ పిండి పక్కన పెట్టింది. "మీరెందుకు అరిచారు?"

తాకియో బీరువాలో సీసాల వంక చూశాడు.

"అక్కడ అందరూ నవ్వుతున్నారు," అన్నాడు.

ఆమె ఏదో అనబోయింది. అంతలో చంటిబిడ్డని ఎత్తుకుని ఒకామె వచ్చింది, వెనకాలే మెర్లిండాతో పనిచేసే అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి తాకియో చొక్కా మీది ఫ్రిజ్ బొమ్మ చూసి, ఈయనేనా నిన్న రాత్రి మనిషి, అని అడిగింది.

"ఈయనే," అంది మెర్లిండా. బల్ల కింద నుంచి చిన్న లేపనం డబ్బా తీసి అతని ముందు పెట్టింది. "మెడకి రాసుకోండి అన్నా. రెండు పూటలా."

తాకియో డబ్బులిచ్చి డబ్బా తీసుకున్నాడు. కొట్టుకి వచ్చి షట్టర్ సగం ఎత్తాడు. విప్పి పెట్టిన ఫ్రిజ్ పక్కన స్టూలు మీద కూర్చుని, మూత తీసి, ఆమె బొటనవేలు పెట్టిన చోట లేపనం రాసుకున్నాడు. కర్పూరం వాసన వేసింది. కాసేపటికి అక్కడ మండింది.