ప్రొఫెసర్ గారి నేల మీది కాగితాలు

మా ఆయన పోయిన మరుసటి ఏడు, మంచు కరిగే రోజుల్లో, ఈ పరదేశంలో నేనుండే కిచెనర్ ఊళ్లో మార్గరెట్ గారింటికి నన్ను హెల్పర్‌గా వేశారు. ముసలివాళ్లను వాళ్ల ఇళ్లకే వెళ్లి చూసుకునే హోమ్ కేర్‌లో హెల్పర్ అంటే అందరికంటే కింది మెట్టు. స్నానం చేయించడం, మందులివ్వడం మా పైవాళ్ల పని. వాళ్ల పైన నర్సు. వంట, ఇల్లు సర్దడం, మనిషి పడిపోకుండా చూసుకోవడం మావి. ఎవరు ఏ ఇంటికి వెళ్లాలో చెప్పేది కోఆర్డినేటర్ సునీత, హైదరాబాద్ పిల్ల. నాకు పెద్దగా చదువు రాదు, ఇది కూడా నోటితో చెప్పి రాయిస్తున్నాను.

మార్గరెట్ గారు యూనివర్సిటీలో కాటలాన్ చెప్పి రిటైరయ్యారు. స్పెయిన్‌లో ఒక మూల మాట్లాడే భాషట అది. వందల ఏళ్ల కిందట ఆ భాషలో చేత్తో రాసిన ఒక కథను సరిచూసి అచ్చుకివ్వడం ఆవిడ ఆఖరి పని. అప్పటికే చూపు మందగించింది, నడవాలంటే వాకర్ కావాలి.

ఆ కథకు నాలుగు ప్రతులున్నాయి. వాటి ఫొటోలు పెద్దవి చేయించి హాలు నేలంతా పరిచారు. ఒకే పేజీ నాలుగింటిలోనూ ఒక్కచోట కనబడాలి, దానికి బల్ల చాలదు. నేను చేరకముందు చలికాలంలో వాటి మీదే కాలు జారి పడ్డారు. నర్సు తనిఖీకి వచ్చేసరికి నేల ఖాళీగా లేకపోతే ముసలివాళ్లుండే నర్సింగ్ హోమ్‌లో చేర్పిస్తానని ఓక్‌విల్‌లో ఉండే కొడుకు తేల్చి చెప్పాడు. అక్కడ ఇచ్చేది చిన్న గది. పుస్తకం ఇక అంతే.

సునీత ఫోన్ చేసింది.

"ఆంటీ, ఆ పేపర్స్ అన్నీ బాక్సులో పెట్టేయండి. గురువారం నర్స్ విజిట్. క్లయింట్ ఒప్పుకోకపోతే నాకు రిపోర్ట్ చేయండి."

"ఒప్పుకోదమ్మా. నేను ఒంగితే చాలు, వాకర్ అడ్డం పెడుతోంది."

ఆ కాగితాల వరస చెడితే ఏమవుతుందని వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడనే అడిగాను. కూర్చోబెట్టి చెప్పారు. ఒక ప్రతిని చూసి ఇంకొకరు రాసుకునేవారట. రాసేటప్పుడు తప్పు పడితే, దాన్ని చూసి రాసినవాడు ఆ తప్పునూ దించేస్తాడు. రెండు ప్రతుల్లో ఒకే తప్పుంటే రెండూ ఒక తల్లి పిల్లలు. ఆ తల్లి ప్రతి ఇప్పుడు ఎక్కడా లేదు. పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూసి తల్లి మాటలు పట్టుకోవడమే ఆవిడ జన్మంతా చేసిన ఉద్యోగం.

మా అక్కచెల్లెళ్లం నలుగురం పప్పుచారులో ఉప్పు కాస్త ఎక్కువే వేస్తామని, అది మా అమ్మ చేతి అలవాటని చెప్పాను. ఆవిడ నవ్వారు.

"అయితే నువ్వు ఏ ప్రతివి?"

"ఆఖరిదాన్ని మేడమ్. ఉప్పు ఇంకాస్త ఎక్కువ."

పెట్టెలో పెడితే పని పోతుంది, నేల మీద ఉంచితే ఇల్లు పోతుంది. స్టూలెక్కడం, మేకులు కొట్టడం హెల్పర్లకు నిషిద్ధం. అందుకని సునీతకు చెప్పి, గోడ వెంట ఉన్న పుస్తకాల బీరువాలకు చేయి అందే ఎత్తులో నాలుగు వరసల తాళ్లు కట్టాను. వరసకొక ప్రతి, ఒకే పేజీ ఒకదాని కింద ఒకటి. ఆవిడ కుర్చీలో కూర్చుని చెబుతుంటే బట్టల క్లిప్పులతో నేను తగిలించాను. తప్పు తగిలిస్తే మళ్లీ తీయించారు, రెండుసార్లు తిట్టారు కూడా.

గురువారం నర్సు వచ్చి ఇవేమిటని అడిగింది. ఉతికిన బట్టలన్నారు ప్రొఫెసర్ గారు, మొహంలో నవ్వు లేకుండా. నర్సు ఆవిడను వాకర్‌తో హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి చూసి, ఇంట్లో ఉండవచ్చని రాసింది. పుస్తకానికి ఇంకెన్నాళ్లు పడుతుందమ్మా అన్నాడు ఆ రోజు తనూ వచ్చిన కొడుకు. మీరంతా వెళ్లిపోతే తొందరగానే అవుతుందన్నారావిడ.

మళ్లీ మంచు పడకముందే పుస్తకం అచ్చుకు వెళ్లింది. ఆ తర్వాత తానే కొడుక్కి ఫోన్ చేసి, ఇప్పుడు నర్సింగ్ హోమ్‌లో గది చూడమన్నారు.

ప్రతి ఇంటికీ మాకిచ్చే కేర్ ప్లాన్ కాగితంలో మనిషికి చేతకానివన్నీ రాసి ఉంటాయి, చేస్తున్న పని మాత్రం ఉండదు. నేను రిటైరయ్యేదాకా ఏ కొత్త ఇంటికి వెళ్లినా, మీకింకా చేయాల్సిన పని ఏం మిగిలిందని ముందు అడిగాను. ఇల్లు సర్దడం ఆ తర్వాతే.