కట్ట, కట్టా

ఉదయం ఆరూ నలభైకి నీళ్లు వచ్చాయి. మోటారు వేసి టీ పెట్టుకున్నాను. ఢిల్లీ మయూర్ విహార్‌లో మా ఫ్లాటుది పాత పైపు. ఆ రోజు అది లాఫ్ట్ మీద కారింది. సామాను తడవకుండా మా అబ్బాయి స్టూలెక్కి అన్నీ కిందికి అందించాడు. ఆఖరున వచ్చింది మావారి పాత లుంగీలో చుట్టి, పురికొసతో బిగించిన మూట. చేతికి బరువుగా తగిలింది.

ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆస్పత్రిలో చివరి మధ్యాహ్నం నాతో అన్న మాట ఒక్కటే. "పైన కట్ట ఉంది. ఎవరికీ చూపించకు." కాగితాల కట్ట అనుకున్నాను. ముప్పై ఏళ్లు కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్లు చూసిన మనిషి కాగితాల గురించి కాక దేని గురించి బెంగపడతాడు? లాఫ్ట్ మీద ముందు వరసలో కనబడిన పింఛను కాగితాల కట్ట తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆయన మాట నిలబెట్టాననుకున్నాను.

మూట విప్పితే రివాల్వర్. పాతది, నల్లబడింది, పిడి చెక్కది. లోపల తూటాలు లేవు.

మా అబ్బాయి నోయిడాలో ఉద్యోగం చేస్తాడు. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ నోరు హిందీకే తిరుగుతుంది. చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత అడిగాడు.

"మమ్మీ, పాపా కట్ట అన్నారా, కట్టా అన్నారా?"

"రెండూ ఒకటే కదరా."

"నహీఁ మమ్మీ. ఇక్కడ కట్టా అంటే దొంగ తుపాకీ. లైసెన్స్ లేనిది."

ఇన్నేళ్లు ఢిల్లీలో ఉండీ ఆ మాట నాకు తెలియదు. కూరల బండికీ, బస్సుకీ సరిపడా హిందీ నాది. చివర్లో ఊపిరి అందక ఆయనకు ప్రతి మాటా సాగింది. ఆ దీర్ఘం మాటదో ఆయాసానిదో ఇప్పుడు చెప్పలేను.

మా అబ్బాయికి ఒక ఆశ మిగిలింది. వందేళ్ల నాటి వస్తువని తేలితే ఎవరో జ్ఞాపకంగా ఇచ్చిందో, పాత సామాన్లమ్మే కబాడీ కొట్లో దొరికిందో అయి ఉంటుంది. తండ్రి మీద మచ్చ ఉండదు. కింది అంతస్తు పెద్దాయన ఒకప్పుడు ఆయుధాలు పరీక్షించే ల్యాబులో పనిచేశాడు. ఆయన్ను పిలిచాం. కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో గంటసేపు చూశాడు. పాతదేనన్నాడు. ఏ దేశానిదో చెప్పలేనన్నాడు. పిడి ఒక దేశపు పద్ధతి, గొట్టం మరో దేశపు పద్ధతి. చేసినవాడి పేరు లేదు, నంబరు లేదు. మా అబ్బాయి ముఖం కాస్త తేటపడింది. అప్పుడు పెద్దాయన పిడి మరలు విప్పి లోపల చూసి, దాన్ని మెల్లగా కింద పెట్టాడు.

"బెహన్‌జీ, ఇది గుర్తులు లేని తుపాకీ కాదు. గుర్తులు తీసేసిన తుపాకీ. లోపల కూడా అరగదీశారు."

తుపాకీ అంతా నల్లబడినా, అరగదీసిన చోట్ల ఇనుము ఇంకా తెల్లగానే ఉంది. ఆ పని మాత్రం పాతది కాదట. ఇంట్లో ఇనుము అరగదీసే ఆకురాయి ఉందా అని మామూలుగానే అడిగాడు. లేదన్నాను. మావారు సెలవు రోజుల్లో గడియారాలు బాగుచేసేవారు. ఆ పనిముట్ల పెట్టె పక్క గదిలోనే ఉంది. మా అబ్బాయి వెళ్లి ఆ గది తలుపు దగ్గరికి వేశాడు.

మర్నాడు పొద్దున ఇద్దరం వెళ్లి దాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించాం. వివరాలు రాసుకుని, ల్యాబుకు పంపుతామన్నారు. అరగదీసినా ఇనుములో నంబరు జాడ మిగులుతుందట, రసాయనం పూసి పైకి తెస్తారట. అది తేలితే ఎవరిదో, దేనికి వాడారో తెలియవచ్చు. రెండు నెలలు ప్రతి శనివారం మా అబ్బాయిని పంపి, రిపోర్టు వచ్చిందేమో కనుక్కున్నాను. ఒక శనివారం వాడు వెళ్లొచ్చి, నా వైపు చూడకుండా, ఇంకా రాలేదన్నాడు. ఆ తర్వాత నేను అడగడం మానేశాను.