బ్రేకు ఆయిలు ఎక్కడికి పోయింది

మొన్న మా అమ్మాయి కారులో ఎర్రదీపం ఒకటి వెలిగింది. బ్రేకుల్లో ఏదో తేడా ఉందని దాని అర్థమట. అల్లుడు ఫోను చేశాడు. కంపెనీవాళ్లు పెద్ద బండి తెచ్చి కారును దానిమీదికి ఎక్కించుకుపోయి, మర్నాడు సాయంత్రానికి బాగుచేసి ఇంటిముందు పెట్టి వెళ్లారు. ఇంట్లో ఎవరూ దాన్ని గురించి రెండో మాట మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ రాత్రి ముద్ద దిగలేదు. నా ఈడువాళ్లలో లారీ ఉన్న ఇంట్లో కాపురం చేసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు నా బాధ చెప్పకుండానే తెలుస్తుంది. మిగతావాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్లాలి.

నేను కాపురానికి వచ్చేనాటికే మావారికి సేద్యం మీదకంటే బండ్ల మీద మోజెక్కువ. బోగోలు దగ్గర సముద్రానికి దాపుగా ఉన్న పల్లె మాది. ఉన్న కొద్దిపాటి మడిని తమ్ముడికి అప్పగించి, మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత పెట్రోలు లారీని ఎక్కడినుంచో తెచ్చుకున్నారు. కోతల కాలంలో వడ్లు తోలేవారు. మిగతా రోజుల్లో కావలి నుంచి జువ్వలదిన్నెకు ఐసు, తిరుగు బండిలో చేపలు. ఆ వాసన ఆయన చొక్కాలకూ నా చీరలకూ పట్టి, ఎంత ఉతికినా వదిలేది కాదు. మా అత్తగారు మడీ ఆచారం చూసుకునే మనిషే అయినా ఆ వాసన గురించి ఒక్కనాడూ కొడుకును పల్లెత్తు మాట అనలేదు. ఒక్కడే ఆ ఇంటికి నాలుగు ఊళ్లు చూపించాడని ఆవిడకు లోలోపల గర్వం.

ఆ లారీకి బ్రేకులు ఆయిలుతో పనిచేసేవి. పెడలు తొక్కితే ఆయిలు గొట్టాల వెంట చక్రాల దాకా పోయి బండిని పట్టుకోవాలి. అంత బరువును మనిషి కాలొక్కటే ఆపలేదు కనుక, ఇంజను గాలి పీల్చుకునే బలాన్ని కాలికి తోడుగా ఇచ్చే డబ్బా ఒకటి బండి అడుగున బిగించి ఉండేది. బూస్టర్ అనేవాళ్లు దాన్ని. ఆడదానికి ఇవన్నీ ఎందుకు తెలిశాయంటారేమో, బండి జబ్బు పడితే ఇంటిల్లిపాదీ వైద్యం నేర్చుకోవాల్సిన రోజులవి.

ఒక వానాకాలంలో ఆ జబ్బు మొదలైంది. పొద్దున్నే మూత తీసి చూస్తే బ్రేకు ఆయిలు తగ్గి ఉండేది. పోసేవారు. మళ్లీ తగ్గేది. కారుతుంటే నేల తడవాలి కదా, బండి కింద నేను పాత సిమెంటు సంచులు పరిచి పెట్టేదాన్ని, అవి పొడిగానే ఉండేవి. చక్రాలు విప్పి చూసినా తడి లేదు. అప్పుడప్పుడూ పొగగొట్టంలోంచి తెల్లపొగ వచ్చేది, సముద్రపు తేమ అనుకునేవాళ్లం. పెడలు ఒకరోజు మామూలుగా ఉండేది, ఒకరోజు కాలికింద రాయిలా బిగుసుకుపోయేది, మరొకరోజు బురదలో కాలు పెట్టినట్టు దిగిపోయేది. కావలిలో మా బండి చూసే మెకానిక్కును అందరం భాయ్ అనేవాళ్లం. ఆయన చక్రాల్లో రబ్బర్లు మార్చాడు, గొట్టాలు మార్చాడు, పెడలు దగ్గరి సిలిండరు కూడా మార్చాడు. గొట్టాల్లో చేరిన గాలి తీయాలంటే ఒకరు కింద పడుకుని మరను వదులు చేస్తుంటే, ఒకరు పైన కూర్చుని పెడలు తొక్కాలి. ఆ తొక్కే పని నాది. కిందినుంచి మావారు కేక వెయ్యడం, నేను తొక్కి పట్టుకోవడం, ఆయిల్లో బుడగలు ఆగేదాకా అదే పని. నా పిక్కలు వాచిపోయేవి. దిగి చూస్తే ఆయన ముఖమంతా మన్నూ ఆయిలూ, ఆ మధ్యన రెండు కళ్లూ నావైపు ఆశగా చూస్తుండేవి. గట్టిగా ఉందని చెప్పేదాన్ని. కొన్నాళ్లు గట్టిగానే ఉండేది.

బూస్టర్ మీద మావారికి అనుమానం లేకపోలేదు. ఇంజను ఆపి, పెడలు తొక్కి పట్టుకుని, మళ్లీ ఇంజను వేస్తే పెడలు కాస్త కిందికి దిగాలి, అప్పుడు అది బాగున్నట్టు లెక్క. భాయ్ నా ఎదుటే ఆ పరీక్ష చేశాడు. ఆరోజు పెడలు దిగింది.

"డబ్బా బాగానే ఉందన్నా," అన్నాడు. "దీన్ని విప్పితే మళ్లా మూసేదానికి రబ్బర్లు నెల్లూరులో గూడా దొరకవు. ఎందుకు కెలికేది?"

అలా ఉండగా తుఫాను వచ్చింది. రేడియోలో చెబుతూనే ఉన్నారు. మధ్యాహ్నానికల్లా గాలి తిరిగింది, సరుగుడు తోటలు నేలకు వంగి లేస్తున్నాయి. ఊరు ఖాళీ చేసి బోగోలు హైస్కూలుకు పోవాలి. ఊళ్లో ఉన్న పెద్ద బండి మాదొక్కటే. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు మూటలతో మా వాకిట్లో చేరారు. మావారు తల అడ్డంగా ఊపుతూ నిలబడిపోయారు. బ్రేకులు నమ్మకం లేవని ఆయన, వానలో నడిచి పోయేదెట్టా అని వాళ్లు. ఇద్దరి మాటా నిజమే. అప్పుడు మా అత్తగారు ఎవరి చెయ్యో పట్టుకుని లారీ వెనకభాగంలోకి ఎక్కి, వడ్ల బస్తా మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"నేనెక్కినా గదా! ఇంక పోనీరా," అంది.

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు.

ఆయన చిన్న గేరులోనే నడిపారు. నేను పక్కన కూర్చున్నాను. కాలువ వంతెన ఎక్కడం బాగానే ఎక్కింది. దిగేటప్పుడు బండి బరువంతా ముందుకు తోసింది, ఆయన పెడలు తొక్కారు. అది దిగిపోయింది. ఎత్తి తొక్కారు, ఎత్తి తొక్కారు. హ్యాండుబ్రేకు లాగితే మాడు వాసన వచ్చింది తప్ప బండి నిలవలేదు.

"లేదు," అన్నారు నావైపు చూడకుండానే.

ఆ ఒక్క మాటే. నేను చెయ్యగలిగింది ఏమీ లేక నా కాలికింది రేకును బలం కొద్దీ తొక్కుతున్నాను, అక్కడ పెడలు ఉన్నట్టు. ఎదురుగా దారిలో నడిచిపోయే మనుషులు. ఆయన బండిని పక్కకు తిప్పి సరుగుడు తోట గట్టుకు కొట్టారు. బండి గట్టు బురదలో దిగబడి, ఒక పక్కకు ఒరిగి ఆగింది. అందరూ బతికారు. ఒకరిమీద ఒకరు పడ్డప్పుడు అట్టడుగున పడింది మా అత్తగారు. తుంటి విరిగింది. గాలీవానల్లో ఆవిణ్ని మంచం మీద బోగోలు దాకా మోసుకుపోయారు.

తుఫాను వెలిశాక భాయ్ వచ్చి చూశాడు. ఆయిలు పోసి గాలి తీస్తే పెడలు చక్కగా నిలబడింది. బండిలో ఏ తప్పూ కనపడలేదు. ఊరివాళ్లు చెడ్డవాళ్లు కారు, ఎవరూ పోట్లాటకు రాలేదు. కాని బావి దగ్గర మాట పుట్టింది, అతనికి సమయానికి కాలాడలేదంట అని. ఆ మాట ఆయన దాకా వచ్చింది. బండిలో తప్పు లేకపోతే తనలోనే ఉండాలి కదా! కొన్నాళ్లకు ఆయన కుడికాలు ఈడ్చి నడవడం మొదలుపెట్టారు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. మా అత్తగారు మంచంలోనే గోడకు ఆనుకుని కూర్చుని, సాయంత్రమయ్యేసరికి కొడుకును పిలిచి, ఆ కాలు ఒళ్లో పెట్టించుకుని ఆముదం రుద్దేది.

"నీ తప్పు గాదురా నాయనా. చిన్నప్పుడు నీకు నా పాలు చాల్లేదు. అందుకే కాల్లో బలం లేకపోయింది," అనేది.

ఆయన కాదనేవారు కాదు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఏమని చెప్పను? కాలు బాగుందంటే ఆయన తప్పవుతుంది, బాగాలేదంటే ఆవిడ తప్పవుతుంది. కొన్నేళ్లు మంచంలోనే ఉండి ఆవిడ వెళ్లిపోయింది. అంతకుముందే లారీని పాత ఇనుము కింద భాయ్‌కే ఇచ్చేశాం. మావారు మళ్లీ ఏ బండీ పట్టుకోలేదు. తమ్ముడి పక్కన మడిలోకి దిగారు.

చాలాకాలానికి ఒక మధ్యాహ్నం భాయ్ సైకిలు మీద గోనెసంచి కట్టుకుని వచ్చాడు. లారీని అప్పటికిగాని ముక్కలు చెయ్యలేదట. సంచిలోంచి బూస్టర్ తీసి వసారాలో పెట్టి రెండుగా విడదీశాడు. లోపల పొడిగా ఉండాల్సిన చోట నల్లటి ఆయిలు నిలిచి ఉంది, రబ్బరు ఉబ్బి చిరిగి ఉంది.

"కిందికి కారలేదక్కా," అన్నాడు నాతో. మావారి ముఖం చూడలేకపోయాడు. "ఇందులోకి దిగింది. ఇందులోంచి ఇంజను పీల్చేసింది. తెల్లపొగ వస్తా ఉంటే సముద్రపు తేమ అనుకుంటిమే, అదే ఇది. అన్న కాలు గాదు."

మావారు ఆ రబ్బరును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. కోపం లేదు, సంతోషం లేదు. భాయ్‌కి కాఫీ ఇమ్మని నాకు సైగ చేశారు. భాయ్ వెళ్లాక, "అమ్మ ఉండాల్సింది," అన్నారు.

నిజం తెలిశాక కాలు తిన్నబడుతుందనుకున్నాను. పడలేదు. పోయేదాకా అలాగే ఈడ్చి నడిచారు.

ఇప్పుడు జువ్వలదిన్నెలో హార్బరు వచ్చింది, దారులు వెడల్పయ్యాయి, చేపలు మూసిన బండ్లలో చల్లగా పోతున్నాయి. యంత్రాలు తమ రోగం తామే చెప్పుకుంటున్నాయి, సంతోషమే. మా కాలంలో యంత్రానికి నోరు లేదు, దాని రోగం మనుషులకు అంటుకునేది. మావారికి ఆలస్యంగానైనా సంగతి తెలిసింది. తన పాలు చాలలేదనుకుంటూ కన్నుమూసిన ఆ తల్లికి మాత్రం ఎవరం ఏమీ చెప్పలేకపోయాం.